ఎడమ కాలికి సెలవు

కారు కొనబోయే మనిషిని చుట్టుపక్కలవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఒక వరస ఉంది. మొదట ధర, తరువాత మైలేజీ, ఆ పైన పెట్రోలా డీజిలా, చివరికి రంగు. గత పదేళ్ళలో ఈ వరస మధ్యలోకి ఇంకొక ప్రశ్న వచ్చి కూర్చుంది: గేర్లదా, ఆటోమేటిక్కా? హైదరాబాదులాంటి నగరంలో దీనికి జవాబు ట్రాఫిక్కే చెప్పేస్తుంది. మెహిదీపట్నం దగ్గర క్లచ్ తొక్కడం మొదలుపెట్టి గచ్చిబౌలి చేరేదాకా తొక్కుతూనే ఉన్నవాడికి వేరే ఉపదేశం అక్కరలేదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వంటి మా ఊళ్ళలో మాత్రం రద్దీ టవర్ సర్కిల్ దాటేవరకే. ఆ తరువాత రోడ్డు మనదే. అయినా ఈ ప్రశ్న మా ఇంట్లో రెండు నెలలు నలిగింది. నలిగింది యంత్రాల గురించి కాదని నాకు అర్థమవడానికి కొంత కాలం పట్టింది. ఆ సంగతి చెప్పుకోవాలనే ఈ టపా.

ముందు మాటల సంగతి. మాన్యువల్, ఆటోమేటిక్ అనే జంటకు మంచి తెలుగు చేద్దామని నేను చాలాసేపు కుస్తీ పట్టాను. 'స్వయంచాలితం' అంటే కారు తనంతట తానే ఊరు వెళ్ళివస్తుందేమో అనిపిస్తుంది. 'హస్తచాలితం' అంటే చేత్తో నెట్టే తోపుడు బండి కళ్ళముందు మెదులుతుంది. మా వైపు జనం ఈ తంటాలేవీ పడలేదు. ఒకటి గేర్ల బండి, రెండోది గేర్లు లేని బండి, అంతే. నిజానికి రెండో దానిలోనూ గేర్లుంటాయి. వాటిని మార్చే బాధ్యత మాత్రం మనది కాదు. మా అక్క అత్తగారైతే మా చర్చ అంతా విని, "ఆటో అంటరు, కారు అంటరు. ఏది కొంటున్నరో ఒక్కటి జెప్పుండ్రి" అని విసుక్కుంది.

యంత్రం గురించి నాలుగు ముక్కలు. ఇంజను ఒక మోస్తరు వేగంతో తిరిగినప్పుడే దానికి సత్తువ ఉంటుంది. చక్రాలేమో నిలబడ్డ చోటి నుంచి వంద కిలోమీటర్ల దాకా అన్ని వేగాల్లోనూ తిరగాలి. ఈ ఇద్దరికీ పొత్తు కుదిర్చే మధ్యవర్తి గేరుపెట్టె. గేరు మార్చేటప్పుడు ఇద్దరినీ క్షణకాలం విడదీసి మళ్ళీ కలపాలి, ఆ పని క్లచ్‌ది. గేర్ల కారులో డ్రైవరు ఎడమ కాలికి ఉన్న ఉద్యోగం ఇదొక్కటే. పాతకాలంలో ఇది ఇంకా కష్టంగా ఉండేది. క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, ఇంజను వేగాన్ని చెవితో అంచనా కట్టి గేరు వేయకపోతే పళ్ళు కరకరలాడేవి. ఆ బాధ తప్పించే సింక్రోమెష్ అనే ఏర్పాటు 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. దాన్ని రూపొందించినవాడు ఎర్ల్ థామ్సన్ అనే ఇంజనీరు. 1939లో జనరల్ మోటార్స్ వారు 1940 నాటి ఓల్డ్స్‌మొబైల్ కార్లకు అమర్చిన హైడ్రామాటిక్ అనే పూర్తి ఆటోమేటిక్ గేరుపెట్టె వెనక ఉన్నదీ ఈయన నాయకత్వమే. చేత్తో గేరు మార్చడాన్ని సుఖంగా చేసిన మనిషే, ఆ చేతికి పనే లేకుండా చేయడానికీ పూనుకున్నాడన్నమాట.

మన దేశానికి ఈ సౌకర్యం చాలాకాలం పెద్దవాళ్ళ కార్లలోనే వచ్చింది. సామాన్యుడి అందుబాటులోకి తెచ్చింది 2014 ఫిబ్రవరిలో ఢిల్లీ దగ్గర జరిగిన ఆటో ఎక్స్‌పోలో విడుదలైన మారుతి సెలెరియో. అందులోని కిటుకు తెలిస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గేరుపెట్టె పాతదే, క్లచ్ కూడా పాతదే. ఆ క్లచ్‌ను తొక్కడానికీ గేరు మార్చడానికీ ఇటలీకి చెందిన మాగ్నెటి మారెల్లి కంపెనీ పరిజ్ఞానంతో ఒక చిన్న ఏర్పాటు తగిలించారు. కంప్యూటరు ఆజ్ఞ ఇస్తుంది, ఆ యంత్రపు కాలు తొక్కుతుంది. దీన్నే ఏ.ఎం.టి. అంటారు. టార్క్ కన్వర్టర్, సి.వి.టి., రెండు క్లచ్‌ల డి.సి.టి. వంటివి ఇంతకంటే మెత్తగా నడుస్తాయి. వాటి ధర కూడా అంత మెత్తగా ఉండదు. ఏ.ఎం.టి. అయితే గేర్ల కారు మీద అర లక్ష అటూ ఇటూ ఎక్కువ పెడితే సరిపోతుంది. గేరు మారినప్పుడల్లా కారు కొంచెం తల ఊపుతుంది, అంతే తేడా.

ఇక ఇంటి విషయం. మా అక్కను కోరుట్లకు ఇచ్చాము. బావ తొంభైలలో కమాండర్ జీపు నడిపేవాడు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల మధ్య లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు. ఆ జీపు గేరుకడ్డీ చేతికర్రంత పొడవుండేది. మూడో గేరులో పడాలంటే దాన్ని బుజ్జగించాలి, ఒక్కోసారి గద్దించాలి. 2001లో బావ సౌదీ వెళ్ళాడు. రియాద్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. పిల్లల్ని బడిలో దింపడం, మేడంను బజారుకు, చుట్టాలిళ్ళకు తీసుకెళ్ళడం. అక్కడి కార్లన్నీ ఆటోమేటిక్‌లే. పద్దెనిమిదేళ్ళు బావ ఎడమ కాలికి పని లేదు.

2017 సెప్టెంబరులో సౌదీ రాజు ఆడవాళ్ళు కారు నడపవచ్చునని ఉత్తర్వు ఇచ్చాడు. 2018 జూన్ 24 నుంచి అది అమలైంది. ప్రపంచమంతా ఆ వార్తను ఆనందంగా చదివింది. నేనూ చదివాను. మా జిల్లాల్లో మాత్రం, ఇంటి డ్రైవర్లుగా కొడుకులనూ అల్లుళ్ళనూ పంపిన ఇళ్ళలో, ఆ వార్త వెనక ఇంకో వాక్యం కూడా వినిపించింది. బావ పనిచేసే ఇంటి మేడం ఆ సంవత్సరమే లైసెన్సు తీసుకుంది. మొదటి వారం పక్క సీట్లో బావనే కూర్చోమన్నారట. ఆమె చక్కగా నడిపిందనీ, భయపడలేదనీ బావే చెప్పాడు. మరుసటి సంవత్సరం, 2019లో, ఇక డ్రైవరు అవసరం లేదని మర్యాదగానే టికెట్ కొనిచ్చి పంపించారు. ఆ ఇంటివాళ్ళ మీద బావ ఇప్పటికీ ఒక్క పరుషమైన మాట అనడు.

తిరిగివచ్చిన తరువాత పొలం, చిన్న దుకాణం అంటూ నాలుగేళ్ళు గడిపాడు. ఈలోగా అత్తమ్మకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, జగిత్యాలలో డయాలసిస్. నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకొని లేచిన మనిషి బస్సు మెట్లు ఎక్కలేదు. మోటారు సైకిలు వెనక కూర్చోలేదు. ప్రతిసారీ కిరాయి కారు. అందుకని 2023లో కారు కొనాలనుకున్నారు. సరిగ్గా అప్పుడే బావకు మస్కట్ నుంచి రెండేళ్ళ పనికి పిలుపు వచ్చింది. పిల్ల పెండ్లి అప్పు మిగిలే ఉంది గనుక వద్దనే స్థితి లేదు.

కార్ల గురించి నాలుగు పత్రికలు చదువుతానని నాకు ఇంట్లో ఒక పేరుంది. అందువల్ల పంచాయితీ నా దగ్గరకు వచ్చింది. పద్దెనిమిదేళ్ళు ఆటోమేటిక్ నడిపిన మనిషి అదే కావాలంటాడని నేననుకున్నాను. బావ గేర్ల కారే కావాలన్నాడు.

"సౌదీల తోలిన బండ్లు ఎంత పెద్దయైనా అవి వాళ్ళయి బామ్మర్దీ. 'డి'ల పెట్టుడు, కూసునుడు, వాళ్ళు చెప్పినకాడికి పోవుడు. జీపు తోలినప్పుడు బండి నా మాట ఇన్నది. నా పైసలతోని నేను కొనుక్కునే బండి నా మాట ఇనద్దా?"

ఈ మాటకు నా దగ్గర పత్రికల్లోని జవాబు లేదు. మైలేజీ లెక్కలు చెప్పి ఒక మనిషి ఆత్మగౌరవాన్ని ఓడించడం సభ్యత కాదు.

అక్క వాదం వేరు. ఆమె స్కూటీ బాగా నడుపుతుంది. పదేళ్ళ కింద కారు నేర్చుకుందామని ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మా ఊళ్ళలో ఆ స్కూళ్ళ కార్లన్నీ గేర్లవే. క్లచ్ సగం వదిలి, ఎక్సిలరేటర్ కొంచెం నొక్కి, చేత్తో గేరు వేసి, అద్దంలో వెనక చూసి... ఈ అష్టావధానం ఆమెకు పది రోజుల్లో దాదాపు పట్టుబడింది. పదకొండో రోజు జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర కారు మూడుసార్లు ఆగిపోయింది. వెనక లారీ, దాని వెనక బస్సు, అందరి హారన్లు. ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. ఏమన్నాడో అక్క ఎవరికీ చెప్పలేదు. పన్నెండో రోజు స్కూలుకు వెళ్ళలేదు.

"మీ బావ మస్కట్ పోయినంక ఆ గేర్ల బండిని ఏం జేసుకోవాలె తమ్మీ? బట్ట కప్పి దండం పెట్టాల్నా?" అంది అక్క.

గల్ఫ్ ఇళ్ళు తెలిసినవాళ్ళకు ఈ మాటలోని వాస్తవం వెంటనే తడుతుంది. కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళలో అటువంటి కార్లు నేను చాలా చూశాను. సెలవు మీద వచ్చిన మనిషి కొన్నది, అతడు మళ్ళీ విమానమెక్కాక రేకుల షెడ్డులో పరదా కింద నిద్రపోతుంది. టైర్లలో గాలి దిగిపోతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. ఇంట్లో ఆడవాళ్ళు ఆసుపత్రికి ఆటో మాట్లాడుకొని వెళుతుంటారు.

ఇక్కడొక చట్టం ముచ్చట కూడా చెప్పాలి. మన 1988 మోటారు వాహనాల చట్టం ద్విచక్ర వాహనాలను గేరు ఉన్నవి, లేనివి అని విడదీసి వేర్వేరుగా లైసెన్సు ఇస్తుంది. కార్ల దగ్గరకు వచ్చేసరికి ఆ తేడా పట్టించుకోదు, అన్నీ తేలికపాటి వాహనాలే. దుబాయిలో అలా కాదు. ఆటోమేటిక్ మీద పరీక్ష నెగ్గినవాడు గేర్ల కారు ముట్టుకోకూడదు. ఇంగ్లండులోనూ అంతే. మన దగ్గర మాత్రం ఆటోమేటిక్ మీద నేర్చుకొని పరీక్ష ఇచ్చినా, చట్టం దృష్టిలో మా అక్క రేపు అంబాసిడర్ కూడా నడపవచ్చు. స్కూటీకి గేరు లేదని వేరే లైసెన్సు ఇచ్చిన చట్టం కారు విషయంలో ఇంత ఉదారంగా ఉండటం వింతే. దానివల్ల మేలు ఎవరికో మాత్రం తెలుస్తూనే ఉంది.

బావ వాదంలో గౌరవంతోపాటు లెక్కలు కూడా ఉన్నాయి, అవి కొట్టిపారేయదగ్గవి కావు. గేర్ల కారు బ్యాటరీ చచ్చిపోతే నలుగురు నెట్టి రెండో గేరులో క్లచ్ వదిలితే లేస్తుంది. ఆటోమేటిక్‌ను అలా లేపలేము. క్లచ్ ప్లేటు మార్చడానికి మెట్‌పల్లిలో ఏ చెట్టు కింది మెకానిక్కైనా చాలు. కంప్యూటరు కాలుకు జబ్బు చేస్తే కరీంనగర్ పోవలసిందే. మూడోది ఘాట్ రోడ్డు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవైమందికి పైగా చనిపోయిన తరువాత మా ఇంట్లో ఎవరు కారు మాట ఎత్తినా కొండ దిగడం గురించి మాట్లాడకుండా ఉండరు. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఎప్పుడూ బ్రేకు మీదే కాలు పెడితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. ఆటోమేటిక్‌లో ఈ పని ఎలా అన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబు ఉంది: ఏ.ఎం.టి. కార్లలో 'ఎం' అనే స్థానం ఉంటుంది. కడ్డీని అందులోకి జరిపితే గేరు మనమే ఎంచుకోవచ్చు, క్లచ్ మాత్రం ఉండదు. ఎక్కేటప్పుడు ఎక్సిలరేటర్‌తో కారును వాలు మీద నిలబెట్టకూడదు, లోపలి క్లచ్ కాలిపోతుంది. బ్రేకుతోనే నిలపాలి. చాలా వాటిలో 'పి' అనే పార్కింగ్ స్థానం ఉండదు గనుక గేరులో ఉంచి చేతిబ్రేకు లాగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎడమ కాలును పూర్తిగా పక్కన పెట్టేయాలి. బ్రేకు, ఎక్సిలరేటర్ రెండూ కుడి కాలివే.

ఇవన్నీ చెప్పినా మాట తెగలేదు. అప్పుడు సిరిసిల్ల నుంచి బాపు వచ్చాడు.

బాపు గుంటమగ్గం మీద పెరిగిన మనిషి. గుంటలో రెండు కాళ్ళూ ఉంటాయి. ఒక పలక తొక్కితే పడుగు పోగుల్లో సగం పైకి లేస్తాయి, ఆ సందులోంచి నాడె అటు దూరుతుంది. రెండో పలక తొక్కితే మిగతా సగం లేస్తాయి, నాడె ఇటు వస్తుంది. కాలు, చేయి, కన్ను, మూడూ ఒకే తాళంలో నడవాలి. గేర్ల కారు నడిపే విద్యకు ఇంతకంటే దగ్గరి చుట్టం నాకు కనిపించదు. ఆ తరువాత సిరిసిల్ల అంతా సాంచాలకు మారింది. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచా అనే అంటారు. పలక తొక్కే పని, నాడె విసిరే పని మోటారు తీసుకుంది. బాపు కొన్నాళ్ళు భివండిలో, తరువాత సిరిసిల్లలోనే, ఒక్కడే నాలుగేసి సాంచాలు చూస్తూ వాటి మధ్య పన్నెండు గంటలు నడిచేవాడు. ఇప్పుడు మనం కొంచెం గట్టిగా మాట్లాడితే తప్ప ఆయనకు వినబడదు.

అందుచేత యంత్రం కాలికి సెలవిస్తుందంటే ఆయన తేలికగా పొంగిపోయే మనిషి కాదు. బావ చెప్పింది, అక్క చెప్పింది, నేను చెప్పింది అన్నీ విన్నాడు. బావతో అన్నాడు: "నీ మాట నాకు సమజైంది అల్లుడా. మగ్గం మీద ఉన్నప్పుడు కాలు నాది. సాంచా కాడికి వచ్చినంక నేనే దానికి కాలైన. పనితనం పోయిందని నేను గూడ ఏడ్శిన." కాసేపు ఆగి అడిగాడు: "గని ఒక్కటి జెప్పు. నువ్వు మస్కట్ పోయినంక సోమారం, బేస్తారం ఈమెను జగిత్యాలకు ఎవలు తోల్కపోతరు?"

ఎవరూ మాట్లాడలేదు. అత్తమ్మ మాత్రం తన కోసం కొట్లాడవద్దనీ, ఎట్లాగో పోయి వస్తాననీ అంది. మరుసటి వారం ఏ.ఎం.టి. కారుకు డబ్బు కట్టారు.

నాకు ఆ రోజు తెలిసిన విషయం ఇది. ఏ యంత్రం గొప్పది అని మనం వాదించుకునేటప్పుడు ఆ వాదనలో నడిపేవాడు ఎప్పుడూ ఒక్కడే ఉంటాడు, అతడు మనమే. సాంచా మా బాపు కాలును ఖాళీ చేసింది గాని, ఆ ఖాళీని ఆయనకివ్వలేదు, ఇంకో మూడు సాంచాలకిచ్చింది. సౌదీ మేడంకు కారు చేతికొస్తే, ఆ ఇంటి కారు మా బావ చేతిలోంచి పోయింది. కోరుట్లలో అదే రకం కారు మా అక్కకు ఆసుపత్రి దారి తెరిచింది. అందువల్ల గేర్లదా ఆటోమేటిక్కా అని ఎవరైనా నన్ను అడిగితే, ఇప్పుడు నేను ఎదురుప్రశ్న వేస్తున్నాను: మీ ఇంట్లో ఎవరెవరు నడపవలసి ఉంది? ఒక్కరే అయితే, ఆ ఒక్కరికి గేర్లు వేయడం ఇష్టమైతే, గేర్ల కారును మించిన సుఖం లేదు. డబ్బు కూడా మిగులుతుంది. ఇంకొకరు ఉంటే, వాళ్ళ భయం ఎక్కడ మొదలవుతుందో కనుక్కోండి. చాలాసార్లు అది ఆ మూడో పెడల్ దగ్గరే ఉంటుంది.

మస్కట్ వెళ్ళేలోపు బావకు నెలన్నర గడువు ఉంది. అక్కకు తానే నేర్పుతానన్నాడు. క్లచ్ లేదు, గేరు లేదు, ఇక నేర్పడానికి ఏముంటుందని మొదటి రోజు నవ్వాడు. రెండో రోజు నుంచి నేర్పవలసింది ఎంతుందో బయటపడింది. 63వ నంబరు జాతీయ రహదారి మీద కోత కాలంలో సగం రోడ్డు వడ్లతో నిండుతుంది. చీకటిపడ్డాక ఆ కుప్పల చుట్టూ పెట్టిన రాళ్ళు కనిపించవు. ట్రాక్టరు ట్రాలీకి వెనక దీపం ఉండదు. ఆగిన బస్సు ముందు నుంచి తప్పకుండా ఒక పిల్లవాడు పరుగెత్తుకొస్తాడు. బర్రె ఒకటి దాటితే రెండోది దాని వెనకే ఉంటుంది. జీపు రోజుల్లో సగం, రియాద్ రోజుల్లో సగం బావ సంపాదించిన విద్య అంతా ఇదే. అది ఎడమ కాల్లో లేదు. కళ్ళలోనే ఉంది. దాన్ని ఏ పెట్టెలోనూ అమర్చి అమ్మడం లేదు. ఆ నెలన్నరా పక్క సీట్లో కూర్చొని దాన్ని అక్కకు అప్పజెప్పాడు. ఒకటి రెండుసార్లు వెనక సీట్లో నేనూ ఉన్నాను. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా బావ ఎడమ కాలు ఖాళీ నేల మీద క్లచ్ తొక్కుతూనే ఉంది.

ఇప్పుడు సోమవారం, గురువారం తెల్లవారుజామునే అక్క కారు తీస్తుంది. వెనక సీట్లో అత్తమ్మ, పక్కన అన్నం గిన్నె, నీళ్ళ సీసా. టవర్ సర్కిల్ దగ్గర ఎవరైనా హారన్ కొడితే తానూ కొడుతుంది. డయాలసిస్ జరుగుతున్న నాలుగు గంటల్లో బావ మస్కట్ నుంచి ఒకసారి తప్పకుండా ఫోన్ చేస్తాడు. అమ్మ ఎట్లుందని అడుగుతాడు. ఆ తరువాత అడిగే ప్రశ్న కోత కాలమంతా ఒక్కటే: "రోడ్డు మీద వడ్లు ఎక్కడిదాక పోసిండ్రు?"